కొండరాతి కింద చమురు కొట్టు

విశాఖపట్నం తీరంలో భూగర్భ రాతిని తొలిచి కట్టిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు పడుతుంది. చమురు కారకుండా ఆపడానికి ఆ గుహలకు లోపల ఉక్కు తొడుగేమీ లేదు. రాతిలో సన్నని పగుళ్లు ఎప్పుడూ ఉంటాయి. అయినా చమురు వాటిలోంచి బయటికి పోదు. దాన్ని ఆపుతున్నది నీరు.

ఇలాంటి కొట్టు ఎందుకు అవసరమైందో తెలియాలంటే 1990కి వెళ్లాలి. ఆ ఏడాది ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగానే చమురు ధర ఎగబాకింది. అప్పటికే అప్పులతో సతమతమవుతున్న భారత్ దగ్గర విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు సరిపడేంతకు పడిపోయింది. 1991లో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ సంక్షోభానికి చమురొక్కటే కారణం కాదు కానీ, గట్టి దెబ్బ కొట్టింది అదే. నేడు మన ముడి చమురు అవసరంలో 85 శాతానికి పైగా దిగుమతే. లారీ కిరాయి నుంచి కూరగాయల ధర దాకా ఆ లెక్క మీదే నడుస్తుంది.

అత్యవసర నిల్వ కోసం అమెరికా ఉప్పు పొరల్లో గుహలు చేసుకుంది. విశాఖలోనూ, కర్ణాటకలోని మంగళూరు, పాదూరుల్లోనూ మనకు అనువుగా దొరికింది గట్టి రాయి. అందులో పని చేసే సూత్రం చాలా సులువు. గుహను భూగర్భ జలమట్టానికి బాగా కింద తొలుస్తారు. చుట్టూ ఉన్న రాతి పగుళ్లన్నీ నీటితో నిండి ఉంటాయి. ఆ నీటి ఒత్తిడి గుహలోని చమురు, దాని ఆవిరి ఒత్తిడి కన్నా ఎక్కువగా ఉన్నంత కాలం నీరే లోపలికి ఊరుతుంది తప్ప చమురు బయటికి రాదు. ఎండాకాలంలో జలమట్టం తగ్గితే? అందుకే గుహ పైభాగాన చిన్న సొరంగాలు తవ్వి, వాటి నుంచి వరుసగా బోర్లు వేసి, ఎప్పుడూ నీరు నింపి ఉంచుతారు. దీన్ని ‘నీటి తెర’ అంటారు. లోపలికి ఊరిన నీరు చమురుతో కలవదు, దానికన్నా బరువు కనుక అడుగుకు చేరుతుంది. అక్కడి గుంటలోంచి పంపులతో తోడేస్తారు. ఈ తోడుడు ఆపడానికి వీల్లేదు.

నేల మీది ట్యాంకులతో పోలిస్తే ఇక్కడ అగ్నిప్రమాదం, తుపాను, బాంబు దాడి భయాలు తక్కువ. 1997 సెప్టెంబరులో రిఫైనరీలో వంటగ్యాస్ లీకై మంటలు చెలరేగి 50 మందికి పైగా చనిపోవడం, 2014లో హుద్‌హుద్ విరుచుకుపడటం రెండూ చూసిన ఊరికి ఈ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. అదే ఊళ్లో 60,000 టన్నుల వంటగ్యాస్‌ను నిల్వ చేసే మరో రాతి గుహ కూడా ఉంది. ఇది సామాన్యుడి వంటింటికి దగ్గరి సంగతి. 2016లో మొదలైన ఉజ్వల పథకంతో కట్టెల పొయ్యి ఉన్న కోట్లాది ఇళ్లకు సిలిండరు చేరింది. కానీ ముడి చమురును శుద్ధి చేసినప్పుడు వచ్చే వంటగ్యాస్ తక్కువే కావడంతో, మన వాడకంలో సగానికి పైగా ఓడల్లో రావాల్సిందే. పొగ లేని వంట ఆ ఓడల రాకపోకల మీద ఆధారపడి ఉంది.

ముడి చమురు గుహలు మూడు చోట్లా కలిపి 53.3 లక్షల టన్నులు. వినడానికి పెద్ద అంకే. దేశం మొత్తానికి పంచితే దాదాపు తొమ్మిదిన్నర రోజుల అవసరం. చమురు కంపెనీల దగ్గర సుమారు రెండు నెలలకు సరిపడా నిల్వలు విడిగా ఉంటాయి కాబట్టి పదో రోజుకే బండ్లు ఆగిపోవు. అయినా దీర్ఘకాలపు గండాన్ని ఈ గుహలు గట్టెక్కించలేవు. అవి ఇచ్చేది వేరే దేశంలో సరుకు వెతుక్కునేంత వ్యవధి మాత్రమే.

ఒక్కోసారి లాభమూ ఇస్తాయి. 2020 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ వల్ల ధరలు కుప్పకూలినప్పుడు భారత్ ఈ మూడింటినీ నింపుకుంది. దానివల్ల సుమారు 5,000 కోట్ల రూపాయలు ఆదా అయినట్లు ప్రభుత్వం ప్రకటించింది. రెండో దశలో ఒడిశాలోని చండీఖోల్‌లో 40 లక్షల టన్నులు, పాదూరులో మరో 25 లక్షల టన్నుల నిల్వకు 2021లో ఆమోదం లభించింది.