తల్లి పాలలో చక్కెర గొలుసులు

తల్లి పాలలోని ఘనపదార్థాలలో లాక్టోజు, కొవ్వుల తరువాత సాధారణంగా మూడవ స్థానం ఒక వింత పదార్థానిది. అవి బిడ్డ జీర్ణించుకోలేని సంక్లిష్ట చక్కెరలు. బిడ్డకు అరగనివి పాలలో ఎందుకున్నాయి? సమాధానం వాటి నిర్మాణంలో ఉంది.

గ్లూకోజు, గాలక్టోజు, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్, ఫ్యూకోజు, సియాలిక్ ఆమ్లం - ఈ ఐదు పూసలే రకరకాలుగా కూర్చబడి 150కి పైగా గొలుసులవుతాయి. అన్నింటికీ పునాది లాక్టోజే. మాస్ స్పెక్ట్రోమీటరు గొలుసు బరువు చెబుతుంది. కాని లాక్టో-ఎన్-టెట్రావోజు, లాక్టో-ఎన్-నియోటెట్రావోజుల బరువు ఒకటే, పూసలూ అవే. ఒక్క ముడి మాత్రమే వేరు. నిర్దిష్టమైన ముడిని మాత్రమే తెంచే ఎంజైములతో శాస్త్రజ్ఞులు ఆ తేడాను పట్టుకుంటారు.

ఆ ముడులను విప్పగల ఎంజైములు బిడ్డ పేగులలోని కొన్ని బైఫిడో బాక్టీరియాకు ఉన్నాయి. ఆ ఆహారంతో అవి వృద్ధి చెంది, హానికర క్రిములకు చోటు లేకుండా చేస్తాయి. 1950లలో పాల్ గ్యోర్గీ, రిచర్డ్ కూన్ బృందాలు ఈ సంబంధాన్ని వెలికితీశాయి.

ఆవు పాలలో ఈ చక్కెరలు అత్యల్పం, ముర్రుపాలలో అత్యధికం. అయినా ముర్రుపాలను పిండి పారబోసే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. తల్లులు పూర్తిగా రెండేళ్ళు పాలివ్వడాన్ని దివ్య ఖుర్ఆన్ (2:233) ప్రస్తావించింది. ఆ రెండేళ్ళలో మొదటి గుక్కనే బిడ్డకు దూరం చేయడం న్యాయమా?