కారు కింద మూరెడు జాగా

కారు డిక్కీలో మ్యాట్ ఎత్తితే స్టెప్నీ కనిపిస్తుంది. దాని పక్కన వీల్ పానా, మడిచిపెట్టిన జాకీ. కారు కొన్ననాటి నుంచి అమ్మేదాకా ఆ జాకీని బయటికే తీయనివాళ్లు చాలామంది ఉంటారు. తన కారును తానే బాగుచేసుకునేవాడికి మాత్రం పని మొదలయ్యేదే జాకీతో. ఇంజన్ ఆయిల్ మార్చాలన్నా, బ్రేక్ ప్యాడ్లు వేయాలన్నా, సైలెన్సర్ సంగతి చూడాలన్నా ముందు కారు నేల మీంచి లేవాలి. మామూలు కారు అడుగుకూ నేలకూ మధ్య ఉండేది జానెడు కన్నా తక్కువే. మనిషి వెల్లకిలా పడుకుని చేతులాడించాలంటే మూరెడైనా ఉండాలి. ఆ జానెడును మూరెడు చేసేది జాకీ.

ఇంటి మెకానిక్ పనిచేసే చోటు గ్యారేజీ కావచ్చు, గేటు లోపలి సిమెంటు జాగా కావచ్చు, అపార్టుమెంటు స్తంభాల మధ్య పార్కింగ్ కావచ్చు. ఎక్కడున్నా అసలు కార్ఖానా కారు కింద ఉన్న ఆ మూరెడే. దాని వెనక మూడున్నర శతాబ్దాల కథ ఉంది. ఆ కథలో ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఎత్తడం వేరు, ఎత్తినదాన్ని నిలబెట్టడం వేరు.

వందమందికి ఒక్కడు

ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ 1662లో 39 ఏళ్లకే చనిపోయాడు. ద్రవాల సమతుల్యత మీద ఆయన రాసిపెట్టిన గ్రంథం మరుసటి ఏడు అచ్చయింది. అందులో ఒక యంత్రం ఊహ ఉంది. నీళ్లు నింపి మూసిన పాత్రకు రెండు రంధ్రాలు, ఒకటి రెండోదానికి వంద రెట్లు. రెండింటిలోనూ బిగుతుగా చెరొక పిస్టన్. చిన్న పిస్టన్‌ను నొక్కే ఒక్క మనిషి, పెద్ద పిస్టన్‌ను నొక్కే వందమందికి సమవుజ్జీ అవుతాడని పాస్కల్ లెక్క. మూసిన ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. అది పడే వైశాల్యం ఎంత ఎక్కువైతే అక్కడ పుట్టే బలం అంత ఎక్కువ.

బలం పెరిగింది కదా అని పని తగ్గలేదు. చిన్న పిస్టన్ వంద అంగుళాలు దిగితేనే పెద్దది ఒక అంగుళం లేస్తుంది. బలంలో వచ్చిన లాభాన్ని దూరంలో చెల్లించాలి. ఈ సంగతీ పాస్కల్ గుర్తించాడు. యంత్రం మాత్రం 130 ఏళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది.

తోలు పట్టీ తీర్చిన చిక్కు

లండన్‌లో తాళాలు, ఫ్లష్ మరుగుదొడ్లు తయారుచేసి పేరు తెచ్చుకున్న జోసెఫ్ బ్రామా 1795లో పాస్కల్ సూత్రం మీదే నడిచే హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు తీసుకున్నాడు. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే సందు దగ్గర ఆయనకు చిక్కొచ్చి పడింది. ఆ సందును గట్టిగా బిగిస్తే నీళ్లు కారవు గానీ పిస్టన్ పట్టేస్తుంది. వదులు చేస్తే పిస్టన్ కదులుతుంది గానీ నీళ్లు చిమ్ముతాయి.

దీనికి విరుగుడు కనిపెట్టింది ఆయన కార్ఖానాలో పనిచేసే హెన్రీ మాడ్‌స్లే అంటారు. తోలును ఇంగ్లీషు 'యు' అక్షరంలా మలిచి, తెరిచిన వైపు నీళ్లకు ఎదురుగా ఉండేలా పిస్టన్ చుట్టూ పట్టీగా అమర్చారు. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ ఒత్తిడే తోలు అంచులను రెండు పక్కలా అదిమి సందు మూసేస్తుంది. బయటపడాలని చూసే నీటినే కాపలా పెట్టారన్నమాట. ఒత్తిడి తగ్గగానే తోలు సడలి, పిస్టన్ తేలిగ్గా దిగుతుంది. ఈ రోజు తోలు బదులు రబ్బరు వచ్చింది గానీ, హైడ్రాలిక్ జాకీలో సీల్ పనిచేసే పద్ధతి చాలావరకు అదే. వారానికి 30 షిల్లింగుల తన జీతం పెంచమని మాడ్‌స్లే అడిగితే బ్రామా ఒప్పుకోలేదు. మాడ్‌స్లే 1797లో బయటికొచ్చి సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. అచ్చంగా ఒకే కొలతతో మరలు కోసే లేత్‌లతో తర్వాతి తరం ఇంజినీర్లకు గురువయ్యాడు.

వంతెన కింద దిమ్మలు

ప్రెస్‌కు బలం వచ్చింది. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో 1849లో వేల్స్‌లో తెలిసింది. మెనై జలసంధి మీద రాబర్ట్ స్టీఫెన్సన్ బ్రిటానియా రైలు వంతెన కడుతున్నాడు. రైళ్లు లోపలి నుంచి పోయేంత పెద్ద ఇనుప గొట్టాలను నీటి మీద తేల్చుకొచ్చి, హైడ్రాలిక్ ప్రెస్‌లతో సుమారు వంద అడుగుల ఎత్తుకు లేపాలి. పెద్ద గొట్టం ఒక్కొక్కటి దాదాపు 1,500 టన్నులు. గొట్టం కొద్దికొద్దిగా లేచేకొద్దీ దాని కింద ఖాళీ మిగలకుండా ఎప్పటికప్పుడు దిమ్మలు పేర్చుకుంటూ, కట్టుకుంటూ రావాలని స్టీఫెన్సన్ పట్టుబట్టాడు. పని నెమ్మదిస్తుందని తెలిసినా వినలేదు.

ఆగస్టులో ఒకనాడు ప్రెస్ సిలిండర్ అడుగు పగిలి ఊడిపడింది. గొట్టం జారింది. జారినా అడుగు దూరం కూడా పడలేదు, కింద పేర్చిన దిమ్మల మీద ఆగింది. దిమ్మలే లేకపోతే అంత బరువూ జలసంధిలో ఉండేది. మరుసటి ఏడు వంతెన మీద రైళ్లు నడిచాయి.

జేబులో పట్టదు, చేతికి అందుతుంది

అప్పటిదాకా ప్రెస్ అంటే ఒకచోట పాతిన యంత్రం. దానికి వేరే పంపు, వేరే నీళ్ల తొట్టి కావాలి. స్కాట్లండులో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ రిచర్డ్ డజన్ ఆ మూడింటినీ ఒక్క ఒంట్లో ఇమిడ్చి, మనిషి మోసుకెళ్లగలిగే హైడ్రాలిక్ జాకీకి 1851లో పేటెంటు పొందాడు. ద్రవం జాకీ కడుపులోనే ఉంటుంది. రాడ్డు ఊపితే పైకి, ద్రవాన్ని వెనక్కి వదిలితే కిందికి. తర్వాత రోడ్ల మీద తిరిగే ఆవిరి బండినీ ఆయన కట్టాడు. మొదటిది 1858లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోతే, 1866లో రెండోది చేశాడు. కార్లు పుట్టకముందే జాకీనీ బండినీ రెండింటినీ ఊహించిన మనిషి ఆయన.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కు చెందిన టాంగీ సోదరుల జాకీలకు పేరొచ్చింది మరో విధంగా. థేమ్స్ ఒడ్డున కట్టిన గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌక 1857 నవంబరులో నీళ్లలోకి జారకుండా మొరాయించింది. నెలల తరబడి హైడ్రాలిక్ జాకీలతో అంగుళం అంగుళం నెడితే 1858 జనవరి ఆఖరున తేలింది.

1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చాక జాకీ ఇంటి సరంజామా అయింది. 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన ఆ కార్లు తిరిగింది ఎక్కువగా మట్టి రోడ్ల మీద. పంక్చర్లు రోజువారీ వ్యవహారం. ఊరికి మెకానిక్ లేని చోట రైతే మెకానిక్, పశువుల కొట్టమే గ్యారేజీ. షెడ్డులో పనిచేసే మెకానిక్కులకు వేరే యంత్రం కావలసివచ్చింది. అమెరికాలోని మెంఫిస్ నగరంలో పీటర్ లునాటి 1925 ప్రాంతంలో మొత్తం కారునే లేపే హైడ్రాలిక్ లిఫ్టు చేశాడు. మంగలి షాపు కుర్చీ పైకి లేవడం చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టిందని చెబుతారు.

రాడ్డు ఊపినప్పుడు లోపల

పంక్చర్ షాపుల్లో కనిపించే సీసా ఆకారపు జాకీని తీసుకుందాం. ఉదాహరణకు పంపు పిస్టన్ అడ్డకొలత 12 మిల్లీమీటర్లు, బరువు మోసే పిస్టన్‌ది 36. అడ్డకొలత మూడు రెట్లు కాబట్టి వైశాల్యం తొమ్మిది రెట్లు. రాడ్డు మీటవల్ల ఇంకో ఇరవై రెట్లు కలిసిందనుకుందాం. చేత్తో 15 కిలోల బలం పెడితే పైన 2,700 కిలోల బలం పుడుతుంది. మూల్యం ఏమిటంటే, పంపు పిస్టన్ 20 మిల్లీమీటర్లు కదిలే ఒక్కో ఊపుకు కారు లేచేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. అరడుగు లేపాలంటే దాదాపు 70 ఊపులు. అప్పటికి చెయ్యి తిరిగిన దూరం సుమారు 27 మీటర్లు.

ఊపు పూర్తయి రాడ్డు పైకి లాగినప్పుడు, పైన ఉన్న నూనె వెనక్కి రాకుండా ఆపేది జొన్నగింజంత ఉక్కు గోళీ. అది తన గుంటలో కూర్చుంటే కారు నిలుస్తుంది. గోళీ కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా, ఎన్నేళ్లుగానో వాడని సీల్ ఎండినా నూనె మెల్లగా జారుతుంది, దానితో పాటే కారూ జారుతుంది. బాగా చేసిన హైడ్రాలిక్ జాకీలో రాపిడి వల్ల పోయే శ్రమ తక్కువ. అదే దాని గొప్ప, అదే దాని లోటు కూడా. లోపల పట్టి ఆపే రాపిడి లేదు.

డిక్కీలో ఉండే మరల జాకీ తీరు వేరు. అందులో మర తనంతట తాను వెనక్కి తిరగదు. అంత రాపిడి ఉండాలంటే మనం పెట్టే శ్రమలో సగానికి పైగా ఆ రాపిడికే ధార పోయాలి. తిప్పేవాడికి చేతులు పడిపోతాయి గానీ బరువు దానంతట దిగదు. కాకపోతే దాని అడుగు ఇరుకు, కారు కొద్దిగా కదిలినా పక్కకు ఒరుగుతుంది. అది చక్రం మార్చడానికే గానీ కిందికి దూరడానికి కాదు.

నేల కూడా యంత్రంలో భాగమే

ఇంట్లో కార్ల పని పెట్టుకున్నవాళ్లు తర్వాత కొనేది చక్రాల ట్రాలీ జాకీ. దాని చెయ్యి నిలువుగా లేవదు, కీలు దగ్గర తిరుగుతూ వంపుగా లేస్తుంది. కారు పైకి వెళ్లేకొద్దీ జాకీ కొద్దిగా కారు కిందికి దొర్లాలి. నున్నటి సిమెంటు మీద ఆ దొర్లడం మనకు తెలియను కూడా తెలియదు. మట్టిలోనో కంకరలోనో చక్రాలు కూరుకుపోతే జాకీ దొర్లదు, కారునే తనవైపు లాగుతుంది. ఎండకు మెత్తబడ్డ తారు మీద, లేపిన కారును మోసే స్టాండు కాళ్లు దిగబడతాయి. కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేసుకోవడం అందుకే.

సోవియట్ నగరాల్లో సహకార సంఘాలుగా ఏర్పడి కట్టుకున్న గ్యారేజీల్లో చాలావాటికి అడుగున గొయ్యి ఉండేది. మన ఆర్టీసీ డిపోల్లోనూ బస్సుల కింద ఇలాంటి గోతులే. వాటిలో బండిని లేపరు, మనిషే దిగుతాడు. నిలబెట్టే పని నేలే చూసుకుంటుంది. అయితే పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. లీకైతే గోతిలోనే పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

గొయ్యి లేనివాళ్లకు జాకీ స్టాండ్లే దిక్కు. ఇనుప కాళ్లు, మధ్యలో పళ్ల కడ్డీ, ఆ పళ్లలో పడే ఒక కొక్కెం, అంతే. స్టీఫెన్సన్ దిమ్మలు చేసిన పనే ఇదీ చేస్తుంది. దీన్నీ కళ్లు మూసుకుని నమ్మలేం. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ లక్షల స్టాండ్లను వెనక్కి పిలిచింది. అచ్చులు అరిగిపోయి పళ్ల లోతు తేడా వచ్చింది, కొక్కెం పూర్తిగా కూర్చోవడం లేదు. బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కొన్నిటికి వెల్డింగ్ లోపమని, వాటినీ పిలవాల్సి వచ్చింది. అనుభవం ఉన్నవాళ్లు విప్పిన చక్రాన్ని కూడా కారు కిందికి తోస్తారు. జాకీ, స్టాండూ రెండూ మోసం చేసినా మనిషి పట్టేంత సందు మిగులుతుంది.

అమెరికాలో మన తెలుగువాళ్లు సొంత ఇల్లు కొన్నాక రెండు కార్ల గ్యారేజీలో ట్రాలీ జాకీ, స్టాండ్లు పెట్టుకుని ఆయిల్, బ్రేకులు తామే మార్చుకోవడం కొత్తేం కాదు. మెకానిక్ కూలి అక్కడ సామాను ధరను మించుతుంది. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు చాలాచోట్ల ఒప్పందమే ఈ పనిని వద్దంటుంది. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో జాకీ మరో పని కూడా చేస్తోంది. వీధి ఎత్తు పెరిగి వాననీళ్లు లోపలికి వచ్చే పాత ఇళ్లను గోడల కింద వరసగా మరల జాకీలు పెట్టి లేపుతున్నారు. అందరూ ఒకే లెక్కన కొద్దికొద్దిగా తిప్పుతారు, లేచినంత మేరా కింద గోడ కట్టుకొస్తారు. మెనై జలసంధి దగ్గర జరిగిందీ ఇదే.

ఇప్పుడు చాలా కొత్త కార్లతో స్టెప్నీయే రావడం లేదు, దానితో పాటు జాకీ కూడా పోతోంది. పంక్చర్ అతికే ద్రవం, చిన్న గాలి పంపు ఇచ్చి సరిపెడుతున్నారు. ఎలక్ట్రిక్ కారు అడుగంతా బ్యాటరీయే. కంపెనీ చూపిన చోట కాక వేరే చోట జాకీ ఆనిస్తే దెబ్బ తినేది కారులోకెల్లా ఖరీదైన వస్తువు. అయినా బ్రేకులు అరగక మానవు, సస్పెన్షన్ చప్పుళ్లు ఆగవు, కారు కింద మూరెడు జాగా అవసరం తీరదు.

కాబట్టి వరస ముఖ్యం. గట్టి, సమమైన నేల. హ్యాండ్ బ్రేక్. లేపని చక్రాల ముందూ వెనకా అడ్డుదిమ్మలు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయడం. తర్వాత జాకీ, ఆ తర్వాత స్టాండ్లు, బరువంతా స్టాండ్ల మీదికి దించడం. కిందికి దూరే ముందు కారును పక్క నుంచి గట్టిగా ఒకసారి ఊపి చూడాలి. పడేదే అయితే మనం బయట నిలబడి ఉన్నప్పుడే పడాలి.