వంగిన నడుముల లెక్క: దీర్ఘకాలిక నొప్పిని ఎలా అర్థం చేసుకోవాలి?

దళితవాడల్లో నలభై దాటిన ఆడవాళ్లను ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే ముందుగా వినిపించేవి నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులు. ఆ వెంటనే "కష్టం చేసేవాళ్లకు నొప్పులుండవా" అని వాళ్లే కొట్టిపారేస్తారు. మేస్త్రీ, ఆసామి అనే మాట ఇంకొకటి: "పని ఎగ్గొట్టడానికి నాటకాలు." ఒకరు నొప్పిని సహజం అంటారు, ఇంకొకరు అబద్ధం అంటారు. ఈ రెండింటి మధ్య ఒక జబ్బు జబ్బుగా లెక్కలోకే రాకుండా పోతోంది. అది సహజమూ కాదు, అబద్ధమూ కాదు. ఎందుకో చూద్దాం.

నొప్పి ఎప్పుడు జబ్బవుతుంది?

మూడు నెలలు దాటినా తగ్గని, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చింది.

కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు వచ్చే నొప్పి మనకు హెచ్చరిక. గాయం మానితే అదీ పోవాలి. కానీ శరీరంలో ఒకే చోట నెలల తరబడి ఒత్తిడి పడుతూ ఉంటే నరాలు, వెన్నుపాము, మెదడు మరింత సున్నితంగా మారిపోవచ్చు. అప్పుడు చిన్న కదలికకే పెద్ద నొప్పి పుడుతుంది. అందుకే స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదంటే నొప్పి లేదని అర్థం కాదు. నిద్రలేమి, అప్పుల దిగులు, పని పోతుందనే భయం, రోజూ పడే అవమానం ఈ నొప్పిని ఇంకా పెంచుతాయి. ఇది మనసు కల్పించుకున్నది కాదు. నొప్పిని నడిపించే నాడీ వ్యవస్థ బతుకు నుంచి వేరుగా ఉండదు, అంతే.

ఎవరి నడుము వంగుతోంది?

2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ఈ భారం అందరి మీదా ఒకేలా పడదు. వరినాట్లు వేసేటప్పుడు బురదలో నిలబడి గంటల తరబడి నడుం వంచే ఉండాలి. కలుపు తీయడం, మిర్చి కోయడం, పత్తి ఏరడం కూడా అలాంటి పనులే. పట్టణంలో తెల్లవారకముందే పొట్టి చీపురుతో రోడ్డు ఊడ్చి, చెత్త తట్టలు ఎత్తి, బండి తోసే పారిశుధ్య కార్మికురాలి భుజాలదీ అదే కథ. ఈ పనుల్లో దళితులు, అందులోనూ ఆడవాళ్లు ఎక్కువగా ఉండటం యాదృచ్ఛికం కాదు. భూమి ఎవరి చేతిలో ఉంది, చీపురు ఎవరి చేతికి ఇచ్చారు అన్నది కులం తేల్చిన విషయం. ఒక్కరోజు మానేస్తే ఆ రోజు కూలి పోయే మనిషికి "విశ్రాంతి తీసుకోండి" అని రాసిచ్చిన చీటీ ఎందుకూ పనికిరాదు.

సూది, బిళ్ల

అందుకే దారి ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో వెళ్తుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు డాక్టరు సలహాతో కొద్దిరోజులు వాడితే ఉపయోగమే. నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో, చాలినన్ని నీళ్లు లేకుండా పనిచేసేవాళ్లకు కిడ్నీల ముప్పు ఇంకా ఎక్కువ. స్టెరాయిడ్లు తరచూ వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇచ్చే సూదిలో ఏముందో అడిగి తెలుసుకోవడం మన హక్కు.

మరేం చేయాలి?

దీర్ఘకాలిక నడుం నొప్పిపై 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు నొప్పి గురించి అవగాహన, వ్యాయామం, మానసిక తోడ్పాటు వంటి వాటికి పెద్దపీట వేశాయి. నడుం బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతి మందులు మామూలుగా వద్దన్నాయి. రోజుల తరబడి మంచానికి అతుక్కుపోతే నొప్పి ముదురుతుంది. కొద్దికొద్దిగా నడక పెంచాలి. నొప్పి లేని రోజు పనంతా ఒకేసారి మీద వేసుకోకుండా విడతలుగా చేసుకోవాలి. అరగంటకోసారి నడుం నిటారుగా చేయాలి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్లు వంచి ఎత్తాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి: మల మూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలు బలహీనపడటం, నొప్పితో పాటు జ్వరం రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడిన తర్వాత మొదలైన తీవ్ర నొప్పి.

నివారణ ఒంటరి పని కాదు

వ్యాయామం ఎవరికి వారు చేసుకోవచ్చు. పొడవాటి కర్ర ఉన్న చీపురు, నిలబడి కలుపు తీసే పరికరం, సరిగా తిరిగే చక్రాల బండి, పని మధ్యలో విరామం మాత్రం యాజమాన్యమే ఇవ్వాలి. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ కాలంలో రూపుదిద్దుకున్న 1946 సవరణ, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి పని గంటలను 54 నుంచి 48కి తగ్గించింది. ఆ రక్షణ పొలం గట్టు దాటి లోపలికి రాలేదు.

ఉన్న హక్కులైనా వాడుకోవాలి. నెలకు 21,000 రూపాయల లోపు జీతమై, ఈఎస్‌ఐ చందా కడుతున్న కార్మికులకు, అర్హత మేరకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భత్యం వస్తుంది. కాంట్రాక్టరు చందా కడుతున్నాడో లేదో సంఘాలు ముందు తేల్చుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటు లేదు. ఇది పోరాడాల్సిన చోటు.

విద్యార్థులు, కార్యకర్తలు రేపే మొదలుపెట్టగల పని ఒకటుంది. వాడలో ఎవరికి ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, ఏ పని చేస్తే పెరుగుతోంది, ఏ మందు వాడుతున్నారు అన్నది, వాళ్ల ఇష్టంతో, పేర్లు బయటపెట్టకుండా రాసిపెట్టాలి. ఒక మనిషి నొప్పిని నాటకమని తోసిపుచ్చడం తేలిక. వాడంతటి నొప్పినీ పని పేరుతో సహా కాగితం మీద పెడితే అది డిమాండ్ అవుతుంది.