తుప్పు చాటున యుద్ధ చరిత్ర

మూలనపడ్డ సైనిక జీపులకు పునర్జన్మ.. ఓపికే అసలు పెట్టుబడి

పాత ఇనుము కొనే వ్యాపారికి అది కిలోల లెక్కన తూగే సరకు. దొడ్లో ఏళ్ల తరబడి వానకు తడిసి, ఎండకు ఎండిన ఆ బండి యజమానికి అడ్డం. దాని ఛాసిస్‌పై ఉన్న అంకెలను చదవగలిగిన వారికి మాత్రం అది రెండో ప్రపంచ యుద్ధానికి సాక్షి. తుప్పు పట్టిన యుద్ధకాలపు సైనిక వాహనాలను వెతికి పట్టుకుని, తిరిగి నడిచే స్థితికి తీసుకురావడం అనేక దేశాల్లో అభిరుచిగా వేళ్లూనుకుంది. మన దేశంలో ఈ అభిరుచికి ప్రధాన ఆధారం జీపు. తుప్పు చేసే నష్టం కన్నా తొందరపాటు మరమ్మతు చేసే నష్టమే ఎక్కువన్నది ఈ పనిలో మొదట నేర్చుకోవలసిన పాఠం.

ఎక్కడి నుంచి వచ్చాయి?

1941-45 మధ్య అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు సుమారు 6.4 లక్షల సైనిక జీపులను తయారు చేశాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేయడంతో యుద్ధం తెలుగు తీరాన్ని సైతం తాకింది. ఈశాన్యాన అస్సాంలోని లెడో నుంచి బర్మా మీదుగా చైనాకు మిత్రరాజ్యాలు రహదారి నిర్మించాయి. 1945 ఆరంభంలో తొలి వాహన శ్రేణి ఆ దారిన చైనా చేరుకుంది. యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలిన మిగులు సామగ్రిని ‘డిస్పోజల్స్’ పేరిట విక్రయించారు. అలా చేతులు మారిన జీపులు తోటల్లో, అడవి దారుల్లో, పల్లెల్లో దశాబ్దాల పాటు చాకిరీ చేశాయి. పెట్రోలు ఇంజన్ల స్థానంలో డీజిల్ ఇంజన్లు, ఎడమవైపు ఉండవలసిన స్టీరింగు కుడివైపునకు.. ఇలా యజమానుల అవసరాన్ని బట్టి వాటి రూపం మారిపోయింది.

అసలుదా? తరువాతిదా?

పాత జీపులన్నీ యుద్ధకాలపువి కావు. మన రోడ్లపై ఎక్కువగా కనిపించిన ఎత్తైన బానెట్ నమూనా స్వాతంత్య్రానంతరం మహీంద్రా సంస్థ తయారు చేసినది. అసలైన యుద్ధకాలపు జీపును గుర్తించేందుకు కొన్ని ఆనవాళ్లున్నాయి. రేకును అచ్చుపోసి చేసిన ముందు జాలీకి తొమ్మిది నిలువు చీలికలుంటాయి. యుద్ధానంతర పౌర నమూనాకు ఏడే. తొలినాటి విల్లీస్ బండ్లకు మాత్రం ఇనుప పట్టీలను వెల్డింగ్ చేసిన జాలీ ఉండేది. యుద్ధకాలపు జీపు వెనుక భాగంలో తెరుచుకునే తలుపు ఉండదు.

ఛాసిస్ ముందు అడ్డదూలం గుండ్రని గొట్టమైతే అది విల్లీస్, తిరగేసిన దోనె ఆకారంలో ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ తయారు చేసిన భాగాలపై, చివరకు బోల్టులపై కూడా ‘ఎఫ్’ అక్షరం ముద్రించి ఉండటం విశేషం. విల్లీస్ ఛాసిస్ సంఖ్య ఎడమ దూలం లోపలివైపు బిగించిన చిన్న పలకపై ఉంటుంది. ఫోర్డ్‌లో అదే దూలం పైభాగంలో ఇంజన్ దగ్గర నేరుగా చెక్కి ఉంటుంది. ఈ సంఖ్యే బండికి పేరు, ఊరు. దానిని అరగదీస్తే జీపు మిగులుతుంది గానీ దాని చరిత్ర మిగలదు.

విప్పే ముందే రాసుకోవాలి

బండి ఇంటికి చేరగానే సుత్తి, స్పానరు పట్టడం పొరపాటు. ప్రతి భాగానికీ అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయాలి. విప్పిన బోల్టులను విడివిడి సంచుల్లో వేసి చీటీలు కట్టాలి. రంగును ఒక్కసారిగా గీకివేయరాదు. తడిపిన సన్నని ఉప్పుకాగితంతో పొర తరువాత పొర నెమ్మదిగా రుద్దుకుంటూ వెళ్తే, అడుగున ముదురు ఆకుపచ్చ సైనిక రంగు, అదృష్టం బాగుంటే బానెట్‌పై నాటి సైనిక సంఖ్య బయటపడతాయి. ముందే ఇసుక పేలుడు యంత్రానికి అప్పగిస్తే ఈ ఆధారాలన్నీ క్షణాల్లో మాయమవుతాయి.

పట్టేసిన ఇంజనును బలవంతంగా తిప్పితే విరిగేది అసలు భాగమే. స్పార్క్ ప్లగ్ రంధ్రాల నుంచి తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి నానబెట్టి, చేత్తో కొద్దికొద్దిగా కదిలించాలి. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఈ ఇంజను శక్తి 60 అశ్వశక్తి మాత్రమే. నిర్మాణం సరళం కావడంతో ఓపిక ఉన్న మెకానిక్‌కు లొంగుతుంది.

తుప్పుతో పోరు

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఆక్సిజన్ అందని చోట లోహం ఎంతకాలం నిలుస్తుందో చెప్పేందుకు ఎస్తోనియాలో బయటపడిన ఒక ట్యాంకు చక్కని నిదర్శనం. 1944లో కుర్త్నా మటాస్యార్వ్ సరస్సులో మునిగిన ఆ టి-34 ట్యాంకును 2000 సెప్టెంబరులో బుల్డోజరుతో లాగారు. 56 ఏళ్లు అడుగున కుళ్లిన మొక్కల బురదలో కూరుకుపోయినా అది ఆశ్చర్యకరంగా చెక్కుచెదరలేదు.

జీపు విషయంలో ఇందుకు విరుద్ధం. నేల రేకు కింద బలం కోసం అమర్చిన దోనెల్లో చెక్క ముక్కలు పెట్టారు. అవి తేమను పట్టి ఉంచడంతో రేకు లోపలి నుంచే తినేసుకుపోతుంది. పైకి గట్టిగా కనిపించినా ఆ చోట వేలితో నొక్కి చూడాలి. కుళ్లిన రేకును గట్టి లోహం తగిలేవరకు కోసి, అదే మందం గల రేకును అతకాలి.

చిన్న ఇనుప భాగాలకు చౌకైన ఉపాయం చక్కెర కర్మాగారాల్లో మిగిలే మొలాసిస్. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపి వారాల పాటు నానబెడితే తుప్పు వదులుతుంది. అల్యూమినియం భాగాలను మాత్రం అందులో వేయరాదు. చాకలి సోడా నీటిలో విద్యుత్ ప్రసారం ద్వారా తుప్పు తొలగించే పద్ధతి కూడా ఉంది. అందులో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే, నిప్పుకు దూరంగా చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడితే నీరు విషపూరితమవుతుంది.

పొంచి ఉన్న ప్రమాదాలు

పాత రంగుల్లో సీసం, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకరాదు, ముక్కుకు రక్షణ లేకుండా ఊదరాదు. చీకట్లో మెరిసేందుకు యుద్ధకాలపు కొన్ని మీటర్ల ముళ్లకు రేడియం పూశారు. వాటి అద్దం తెరవకపోవడమే క్షేమం. నేలలోనో, నీటిలోనో దొరికిన వాహనంలో మందుగుండు ఉండవచ్చు. ఎస్తోనియా ట్యాంకులోనూ గుళ్లు అలాగే దొరికాయి. అనుమానం కలిగితే ముట్టుకోకుండా పోలీసులకు తెలియజేయాలి.

చట్టం ఏమంటోంది?

తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పునః రిజిస్ట్రేషన్‌కు రూ.5,000 రుసుము నిర్ణయించారు. పదేళ్ల పాటు చెల్లుబాటయ్యే ఈ సంఖ్యలో ‘వి.ఎ.’ అక్షరాలుంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప నిత్య ప్రయాణానికి, వ్యాపారానికి ఆ బండిని వాడరాదు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్న షరతు గమనార్హం. పత్రాలు లేని బండిని కొనేముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

అన్నిటికీ కొత్త రంగేనా?

ప్రతి వాహనాన్నీ నడిపించి తీరాలన్న నియమం లేదు. ఇంగ్లండులోని టోర్‌క్రాస్ గ్రామానికి చెందిన హోటల్ యజమాని కెన్ స్మాల్, సముద్రంలో మునిగిన ఒక షెర్మన్ ట్యాంకును 1974లో అమెరికా ప్రభుత్వం నుంచి 50 డాలర్లకు కొన్నారు. పదేళ్ల ప్రయత్నం తరువాత 1984లో దానిని ఒడ్డుకు చేర్చగలిగారు. 1944 ఏప్రిల్‌లో ఆ తీరాన జరిగిన యుద్ధ విన్యాసాల సమయంలో జర్మన్ పడవల దాడికి 749 మంది అమెరికన్లు బలయ్యారు. ఆ ట్యాంకు మళ్లీ నడవలేదు. తీరాన స్మారకంగా నిలిచింది. మరుగున పడిన మరణాలను లోకానికి గుర్తు చేయడానికి అదే చాలింది.

జీపుకైనా ఇదే వర్తిస్తుంది. కరిగించిన ఇనుము మళ్లీ రేకు కావచ్చు, ఊచ కావచ్చు. మళ్లీ ఆ జీపు కాలేదు. దొడ్లో పాత బండి ఉన్నవారు తూకానికి వేసే ముందు ఛాసిస్‌పై ఉన్న అంకెలను ఒక్కసారి తుడిచి చూసుకోవడం మేలు.