నివాస వీధులు - సైకిలు బాటలు

వీధి సర్వజనుల సొత్తు. బాలబాలికలు పాఠశాలకు పోవుటకును, పనివారు పనికి పోవుటకును, రోగిని వైద్యశాలకు చేర్చుటకును అదియే మార్గము. నేడు పెక్కు నగరములందు నివాస వీధుల అంచులలో కార్లు బారులు తీరి నిలిచియుండుట చూచుచున్నాము. ఒక్కొక్క కారు దినములో అధికభాగము కదలకయే, వీధి వెడల్పులో సుమారు 2 మీటర్లు ఆక్రమించుచున్నది. ఒక దిశగా పోవు సైకిలు బాటకు కావలసిన వెడల్పు కూడ దాదాపు అంతియే. ఆ చోటు దేనికి చెందవలెనను ప్రశ్న రవాణాకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రజారోగ్యమునకు కూడ సంబంధించినది.

నిలిచియున్న కారు వలని అపాయము

నిలిచియున్న కారు ఎవరికిని హాని చేయదని పలువురు తలంతురు. కాని దాని ప్రక్కగా సైకిలుపై పోవువాడు వేగముగా పోవు బస్సులకు, లారీలకు చేరువగా నడువవలసి వచ్చును. కారు తలుపు హఠాత్తుగా తెరచినచో దానికి తగిలి, వెనుక వచ్చు వాహనము క్రింద పడు ప్రమాదము కలదు. రెండు కార్ల నడుమనుండి వీధిలోనికి వచ్చు బిడ్డ వాహనము నడుపువారికి ముందుగా కానరాదు. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము ఒక్క సెకండులో 8 మీటర్లకు పైగా సాగును. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరి.

ఆరోగ్యమునకు మేలు

వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పనికి పోవునపుడు 15 నిమిషములు, తిరిగి వచ్చునపుడు 15 నిమిషములు, వారమునకు 5 దినములు సైకిలు త్రొక్కువారికి ఇది ప్రత్యేక ప్రయాస లేకయే సమకూరును. హృద్రోగము, మధుమేహము, రక్తపు పోటు రాకుండ కాపాడుకొనుటకు ఇట్టి వ్యాయామము తోడ్పడును. అయితే భయము ఉన్నంతకాలము తల్లిదండ్రులు పిల్లలను సైకిలుపై పంపరు.

నెదర్లాండ్సు అనుభవము

సైకిళ్లకు పేరుపొందిన నెదర్లాండ్సు దేశము మొదటినుండియు ఇట్లు ఉండలేదు. అచట 1971లో రోడ్డు ప్రమాదములందు సుమారు 3,300 మంది మరణించిరి; వారిలో 400 మందికి పైగా పిల్లలు. ప్రమాదములో తన కుమార్తెను పోగొట్టుకొనిన పత్రికా రచయిత విక్ లాంగెన్‌హాఫ్ 1972లో ‘పిల్లల హత్యను ఆపుడు’ అను శీర్షికతో వ్యాసము వ్రాసెను. ఆ శీర్షికయే ఒక ప్రజోద్యమమునకు పేరయ్యెను. 1970 దశకపు ద్వితీయార్ధమున ప్రభుత్వ సహాయముతో టిల్‌బర్గ్, హేగ్ నగరములలో మాదిరి సైకిలు బాటలు నిర్మింపబడెను. హేగ్ నగరమున దుకాణదారులు వానిని ప్రతిఘటించిరి. ఐనను పని ఆగలేదు. 2023లో ఆ దేశమున రోడ్డు మరణములు 684. వేగ నియంత్రణము, సీటు బెల్టులు, మెరుగైన వైద్యము కూడ ఇందుకు కారణములే. సైకిలు బాటల పాత్రయు స్వల్పము కాదు.

ఆమ్‌స్టర్‌డామ్ నగరము 2025 చివరినాటికి వీధులలో కార్లు నిలుపు స్థలములను సుమారు 11,200 మేరకు తగ్గింపవలెనని 2019లో సంకల్పించెను. ఎవరి అనుమతిని బలవంతముగా లాగుకొనక, ఇల్లు మారినవారు, కారు మానుకొనినవారు వదలిన అనుమతులను తిరిగి ఇయ్యకుండుట ఇందలి పద్ధతి. ఆ నగరముననే ఒక కాలువ క్రింద 600 కార్లు పట్టు గరాజును 2018లో తెరచిరి. ఇట్లు ముందు ప్రత్యామ్నాయము చూపి, పిమ్మట వీధిని ఖాళీ చేయుట న్యాయమైన మార్గము.

నివాసుల సందేహములు

‘మా కారు ఎచట నిలుపవలెను?’ అని నివాసులు అడుగుట సహజము. జపానులో 1962 నాటి చట్టమును అనుసరించి, కారు కొనువారు దానిని నిలుపుటకు వీధికి వెలుపల స్థలము కలదని నిరూపింపవలెను. నేడు ఆ స్థలము నివాసమునకు 2 కిలోమీటర్లలోపున ఉండవలెను. ఇంతకంటె ముఖ్యమైనవి వృద్ధుల, వికలాంగుల అవసరములు. వారి వాహనములకు, సరుకులు దింపుటకు, అంబులెన్సు నిలుచుటకు చోటు విడిచియే బాటను నిర్మింపవలెను. కేవలము రంగు గీత చాలదు. సైకిలు బాటను వాహనముల దారినుండి గట్టుతో వేరుచేయవలెను. వీధి మూలలలో చూపునకు అడ్డము ఉండరాదు.

మనము చేయదగినవి

కారును వీలైనంతవరకు ఇంటి ఆవరణలోనే నిలుపుడు. సైకిలు బాటపై క్షణకాలమైనను నిలుపకుడు. వీధి ప్రక్కన ఆగినపుడు, నడుపువారు కుడిప్రక్క తలుపును ఎడమచేతితో తెరువుడు. అపుడు దేహము తిరుగుటచే వెనుక వచ్చు సైకిలు కంటబడును. మీ వీధిలో సైకిలు బాట ప్రతిపాదన వచ్చినపుడు నివాసులందరు కూడి చర్చింపుడు. ఆ చర్చలో కారు లేనివారి మాటకును, బడికి పోవు పిల్లల క్షేమమునకును స్థానము ఉండవలెను.