డాక్టరు కావాలి సరే, ఏ డాక్టరు?

రాజమహేంద్రవరం నుండి గోకవరం వెళ్ళే దారిలో కోరుకొండ ఉంది. ఆ దారే ముందుకు సాగి రంపచోడవరం మన్యానికి చేరుతుంది. జ్వరంతో ఒళ్ళు తెలియని పసివాడు, నెలలు నిండిన గర్భిణి, పాము కాటుకు గురైన రైతు... మన్యం నుండి పట్టణంలోని పెద్దాసుపత్రికి ఈ దారి వెంట దిగివచ్చేవారు ఎందరో. ఈ దారి పక్కనున్న మన ఇళ్ళలోనూ నేడు ఒక కోరిక బలంగా వేళ్ళూనుకుంటోంది: "మా బిడ్డ డాక్టరు కావాలి."

ఇది శుభసంకల్పమే. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తున్నప్పుడు, ఆ పనికి మన పిల్లలు ముందుకు రావడం కన్నా ఆనందం ఏముంటుంది? అయితే ఈ కోరిక వెంటనే మన ఇళ్ళలో మరో తీర్మానం కూడా జరిగిపోతోంది. అమ్మాయి అయితే కాన్పుల డాక్టరు, అబ్బాయి అయితే గుండె డాక్టరు. పదో తరగతి పరీక్ష కూడా రాయని పిల్లలకు శాఖను మనమే నిర్ణయించేస్తున్నాము. ఈ తొందరపాటును గురించి తల్లిదండ్రులతో కొంచెం మనసు విప్పి మాట్లాడదలిచాము.

దారి ఎంత పొడవు?

ముందుగా లెక్క చూద్దాం. ఇంటర్‌లో బైపీసీ పూర్తిచేసిన విద్యార్థి నీట్ రాయాలి. 180 ప్రశ్నలు, 720 మార్కులు. సీటు దొరికితే ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, ఆపై ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. ప్రత్యేక శాఖ కావాలంటే నీట్ పీజీ రాసి, ఎండీ లేదా ఎంఎస్ మూడేళ్ళు చదవాలి. గుండె, మెదడు, మూత్రపిండాల వంటి వాటిలో నిపుణులు కావాలంటే డీఎం లేదా ఎంసీహెచ్ పేరిట ఇంకో మూడేళ్ళు. పద్దెనిమిదేళ్ళకు బయలుదేరిన బిడ్డ, ఎక్కడా ఆగకుండా నడిచినా, గుండె డాక్టరయ్యేసరికి ముప్పై దగ్గరపడుతుంది.

మన ప్రాంతంలో అవకాశాలు పెరిగిన మాట వాస్తవం. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుండి ఉంది. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో ప్రారంభమైంది. 2007 నాటి చట్టం ప్రకారం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల సోదరులు బీసీ-బీలోకి వస్తారు. ధ్రువపత్రాల కోసం కౌన్సెలింగ్ నాడు పరుగులు తీయకుండా, ఇంటర్‌లో ఉండగానే సిద్ధం చేసుకోవడం వివేకం.

భీమవరం బిడ్డ నేర్పే పాఠం

గోదావరి నేల కన్న మహా వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలో కొంతకాలం చదివారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. నీట్‌లో ఒకసారి తప్పిన బిడ్డను చూసి కుమిలిపోయే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరులిద్దరిని రోజుల వ్యవధిలో బలిగొన్నది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1922లో అమెరికా చేరిన ఆయన రోగి మంచం పక్కన నిలబడే వైద్యునిగా కాక, ప్రయోగశాలలో జీవరసాయన శాస్త్రవేత్తగా జీవితం గడిపారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ ఆయన మార్గదర్శకత్వంలో సాగిన పరిశోధనల ఫలాలే. బోదకాలు వ్యాధికి వాడే డీఈసీ మందు కూడా ఆయన బృందం నుండే వచ్చింది. ఆరోగ్య సిబ్బంది మన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు మాత్ర అదే. డిస్పెన్సరీ బోర్డు మీద పేరు కనిపించని ఒక డాక్టరు ఎన్ని కోట్ల మందికి మేలు చేయగలరో ఆలోచించండి. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ అనగానే "అదేం డాక్టరు?" అని పెదవి విరిచే పెద్దలకు ఈ జీవితమే సమాధానం.

అమ్మాయిలకు ఒకే శాఖా?

కాన్పుల వైద్యం గొప్ప సేవ. మన స్త్రీలు మహిళా డాక్టరునే కోరుకుంటారు గనుక దాని అవసరం ఎన్నటికీ తీరదు. కాని మన స్త్రీలకు వచ్చే జబ్బులు కాన్పులు మాత్రమేనా? రొమ్ములో గడ్డ వస్తే చూడవలసింది సర్జన్. మనసు కుంగితే చూడవలసింది మానసిక వైద్యురాలు. చర్మం, చెవి, కన్ను, కీళ్ళు... వీటన్నింటిలోనూ మహిళా వైద్యులు కావాలి. సిగ్గుతో చెప్పుకోలేక, జబ్బు ముదిరాక ఆసుపత్రికి చేరే తల్లులు ఎందరు లేరు? మత్తు డాక్టరు లేనిదే సిజేరియన్ చేయడమూ కుదరదు. దేశంలో లక్ష మందికి ఒక మానసిక వైద్యుడు కూడా లేడు.

మదీనా తొలి ముస్లిం సమాజంలో రుఫైదా (రజి.) గాయపడినవారికి చికిత్స చేసేవారు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి.)ను మస్జిద్‌లోని ఆమె గుడారంలోనే ఉంచారు. గాయాలకు కట్టు కట్టే పని స్త్రీది కాదని ఆనాడు ఎవరూ అనలేదు.

ఇక పెళ్ళి మాట. "పీజీ అయ్యేదాకా ఆగితే వయసు మీరిపోతుంది" అన్న భయం మన ఇళ్ళలో నిజంగానే ఉంది. దీనిని కసిరి కొట్టేయనక్కర లేదు. చదువు కొనసాగుతుందన్న మాట నిఖాహ్‌కు ముందే ఇరు కుటుంబాల పెద్దల సమక్షంలో స్పష్టం చేసుకోవాలి. రాత్రి డ్యూటీలు ఎక్కువ ఉండే శాఖలేవి, తక్కువ ఉండేవి ఏవి అన్నది కూడా అమ్మాయికి తెలిసి ఉండాలి. అన్నీ తెలిశాక నిర్ణయం ఆమెదే కావాలి.

ఎలా ఎంచుకోవాలి?

ఇంటర్న్‌షిప్ ఏడాది ఇందుకు తగిన సమయం. మెడిసిన్, సర్జరీ, కాన్పులు, పిల్లల వార్డు, క్యాజువాలిటీ, గ్రామీణ ఆరోగ్యం అన్నీ ఆ ఏడాదిలోనే తిరగాలి. ఏ వార్డులో అలసట తెలియలేదు, ఏ వార్డులో గడియారం చూడాలనిపించింది అన్నది విద్యార్థి నిజాయితీగా రాసుకోవాలి. రక్తం చూసి చేయి వణికేవారిని సర్జరీకి, మాట్లాడే ఓపిక లేనివారిని సైకియాట్రీకి నెట్టడం ఆ బిడ్డకూ, రేపటి రోగికీ అన్యాయమే. ర్యాంకును బట్టి కోరినది దొరకకపోవచ్చు గనుక ఇష్టమైన శాఖలు మూడైనా మనసులో ఉండాలి. పై ర్యాంకుల వారు రేడియాలజీ, చర్మ వైద్యం వైపు పరుగెత్తుతున్నారని మన బిడ్డ కూడా అటే పరుగెత్తనవసరం లేదు.

పీజీ రాకపోతే జీవితం వృథా అన్న భావన కూడా తగదు. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, కొండ ప్రాంతంలో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. మలేరియా, సికిల్ సెల్ జబ్బులు పీడించే మన్యంలో అటువంటి కేంద్రానికి ఒక మంచి ఎంబీబీఎస్ డాక్టరే పెద్ద దిక్కు.

తల్లిదండ్రులారా! బిడ్డకు డబ్బు సమకూర్చండి, ధైర్యం చెప్పండి, దుఆ చేయండి. శాఖను మాత్రం ఆ బిడ్డనే వెతుక్కోనివ్వండి. ఈ దారిన దిగివచ్చే రోగికి ఎదురయ్యే డాక్టరు, తన పనిని ఇష్టపడి ఎంచుకున్న డాక్టరు కావాలి. అటువంటివారిని మన ఇళ్ళ నుండి అల్లాహ్ సమాజానికి ప్రసాదించు గాక! ఆమీన్.