రాజుల ఆటలో సర్పంచ్‌ను కూర్చోబెట్టడం ఎట్లా?

ఈసారి గోడపత్రికకు కంప్యూటర్ ఆట గురించి రాస్తానంటే మా గదిలో అందరూ నవ్విండ్రు. సూక్తులు రాయమన్నరు. సూక్తులు పక్క చార్టులో ఉన్నాయి, చదువుకోండి. నేను రాసేది ఆట గురించే గానీ, ఇందులో మన సాంఘికశాస్త్రం పాఠాలు సగం వస్తాయి.

ఆట పేరు క్రూసేడర్ కింగ్స్ 2. స్వీడన్ దేశంలోని పారడాక్స్ అనే సంస్థ 2012లో దీన్ని విడుదల చేసింది. 2014లో రాజాస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగం వచ్చినప్పుడు మన దేశం పటం కూడా చేరింది. అందులో తెలింగాణ అనే రాజ్యం కూడా ఉన్నది. హైదరాబాదులో డిగ్రీ చదివే మా పెద్దనాన్న కొడుకు దసరా సెలవుల్లో లాప్‌టాప్ తెచ్చి నాకు చూపించిండు. కాకతీయుల కాలం నాటి పటం మీద మన జిల్లాల చోటు వెతుక్కోవడానికే ఒక పూట పట్టింది.

ఈ ఆటలో మనం దేశాన్ని ఆడం, ఒక వంశాన్ని ఆడతాం. రాజుగా ఉంటాం, పెండ్లి చేసుకుంటాం, కింది దొరలను మంచి చేసుకుంటాం, ముసలివాళ్లమై చనిపోతాం. చనిపోగానే మన వారసుడై మళ్లీ ఆడతాం. వంశంలో వారసుడు ఎవరూ లేకపోతే ఆట అయిపోయినట్లే. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, ముందుకు దీనితోనే పని ఉన్నది.

ఇగ మాడ్ అంటే ఏమిటి? హాస్టల్లో ఇచ్చే యూనిఫాం ఎప్పుడూ వదులుగానే వస్తది. దాన్ని విప్పి, మన కొలతకు మళ్లీ కుట్టించుకుంటాం. బట్ట అదే, అంగీ మాత్రం మనకు సరిపోయేది. ఒకరు తయారుచేసిన ఆటను ఇంకొకరు ఇట్లా విప్పి కుట్టుకోవడాన్నే మాడ్ అంటరు. ఈ ఆట ఫైళ్లు చాలావరకు మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. 'కామన్' అనే ఫోల్డరులో ప్రభుత్వాలకు ఒక చోటు, చట్టాలకు ఒక చోటు, పదవులకు ఒక చోటు ఉంటాయి. పదవుల పేర్లకు ముందు బి, సి, డి, కె, ఇ అనే అక్షరాలు ఉంటాయి. అంటే బారన్, కౌంట్, డ్యూక్, కింగ్, ఎంపరర్. అసలు ఫైళ్లను ముట్టుకోవద్దు. 'మాడ్' అనే వేరే ఫోల్డరులో అదే పేరుతో మన ఫైలు పెడితే ఆట దాన్నే చదువుకుంటది. నచ్చకపోతే తీసేయొచ్చు, అసలు ఆట చెడిపోదు. ఒకటే జాగ్రత్త, తెరిచిన ఫ్లవర్ బ్రాకెట్‌ను మూయాలి. మూయకపోతే కిందిదంతా కలగాపులగం అయితది.

ఈ రాజుల ఆటలోకి నేటి ప్రభుత్వాన్ని తేవాలని అన్న, నేను కూర్చున్నాం. ముందు సులువైన పని చేసి చూద్దామని పేర్లు మార్చినం. బారన్‌కు సర్పంచ్ అని, కౌంట్‌కు మండల అధ్యక్షుడని, డ్యూక్‌కు జిల్లా పరిషత్ చైర్మన్ అని, కింగ్‌కు ముఖ్యమంత్రి అని, ఎంపరర్‌కు ప్రధానమంత్రి అని పెట్టినం. ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఆట నడిపితే ఏమైందంటే, మండల అధ్యక్షుడు చనిపోగానే ఆయన కొడుకు మండల అధ్యక్షుడైండు. ముఖ్యమంత్రి పక్క రాష్ట్రం మీద యుద్ధం అనగానే కిందివాళ్లంతా సైన్యం పంపిండ్రు. జిల్లా పరిషత్ చైర్మన్‌కు కోపం వస్తే కోట తలుపులు మూసుకొని తిరుగుబాటు చేసిండు. అన్న, నేను కడుపు పట్టుకొని నవ్వినం. పేర్లు మారినయి గానీ రాజ్యం మారలేదు.

అప్పుడు ఒక్కొక్కటి విప్పి చూసినం. ఆటలో పన్ను, సైన్యం కింది నుంచి పైకి పోతాయి. మన పంచాయతీకి వచ్చే డబ్బులో పెద్ద భాగం పై నుంచి, ఆర్థిక సంఘం నిధుల వంటి వాటి నుంచి వస్తది. అంటే ధార తిప్పాలి. రెండోది, ఆటలో ప్రతి దొరకూ రాజు మీద ఒక అభిప్రాయం ఉంటది, దానికి మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా మార్కులు. అయితే మార్కులు వేసేది దొరలే. దున్నేవాళ్లు, మేకలు కాసేవాళ్లు పటం మీద కనబడరు. కనబడితే ఒక్కసారే కనబడతరు, రైతుల తిరుగుబాటు అనే పేరుతో, ఎర్రగా, సైన్యం లెక్క. ఓటు లేని జనం ఇంకెట్లా కనబడతరు మరి!

ఎన్నిక పెట్టడం కూడా పెద్ద కష్టం కాదు. ఏటా ఒకసారి దానంతట అదే నడిచే సంఘటనలు ఆటలో ఉన్నాయి. అయిదు ఏండ్లు లెక్కబెట్టి, ఇద్దరు ముగ్గురు అభ్యర్థులను నిలబెట్టి, ఎవరికి ఎంత అవకాశమో రాస్తే ఎన్నిక అయితది. అసలు చిక్కు తర్వాత వస్తది. ఎన్నికలో మన వంశం కానివాళ్లు గెలిస్తే పదవి వాళ్లకు పోతది. మన చేతిలో నేల లేకపోతే ఆట మనకు సెలవు చెప్తది. మామూలు నగర గణతంత్రాన్ని ఈ ఆటలో ఆడనియ్యకపోవడానికి కారణం కూడా ఇదేనని నా ఊహ. రాజుల ఆటకు పదవి పోవడమంటే చావుతో సమానం. ప్రభుత్వమంటే పదవి పోయినా మనిషి బతికి ఉండేది. ఈ రెంటినీ ఒకే ఫైలులో కలపడం మా అన్నకే కాదు, ఎవరికైనా తలనొప్పే.

దీనికి జవాబు కంప్యూటర్లో దొరకలేదు గానీ మన చరిత్ర పుస్తకంలో దొరికింది. ఎందుకంటే ఇటువంటి మాడ్ మన నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో నిజంగానే జరిగింది. గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజులు నిజాముకు కప్పం కట్టేవాళ్లు. నిజాము పైన ఇంగ్లీషువాళ్లు. అచ్చంగా ఆటలోని మెట్లే. నల్లగొండలో దేశ్‌ముఖులు, వెట్టిచాకిరి, వాటి మీద సాయుధ పోరాటం. 1948 సెప్టెంబరులో నిజాము లొంగిపోయిండు. మొదట సైనిక గవర్నరుగా మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి పాలించిండు. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో వెల్లోడి అనే అధికారి ముఖ్యమంత్రి అయిండు, ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయిండు. ఆయన గెలిచింది మన షాద్‌నగర్ నుంచే. నాలుగేండ్లలో నాలుగు రకాల ప్రభుత్వాలు! ఇంకో విచిత్రం చూడండి. 1950 నుంచి 1956 దాకా నిజామే రాజప్రముఖుడు. పేరు, గౌరవం ఉన్నయి, అధికారం లేదు. అంటే పాత ఫైలును తుడిచెయ్యలేదు, పక్కన పెట్టి పైన కొత్త ఫైలు రాసిండ్రు.

మరి పదవి పోయిన రాజులు ఏమైండ్రు? వనపర్తి రాజా రామేశ్వరరావు 1957లో ఎన్నికలో నిలబడి లోక్‌సభకు గెలిచిండు. ఆ తర్వాత కూడా గెలిచిండు. తాతలు సింహాసనం మీద కూర్చున్న చోట మనుమడు ఓటు అడిగిండన్న మాట. వనపర్తి రాజభవనంలో తర్వాత పాలిటెక్నిక్ కాలేజీ పెట్టిండ్రు. ఇటు నల్లగొండలో 1952లో రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. నెహ్రూగారికి వచ్చిన వాటికంటే ఎక్కువ. ఆయన కూడా భూస్వాముల ఇంట్లో పుట్టినవాడే, దొరల మీద పోరాడిండు. వంశం చూసి మనిషిని లెక్కగట్టే ఆటకు ఇటువంటివాళ్లు అర్థం కారు.

ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. ఆ ఆటలో ఫ్యూడల్, రిపబ్లిక్ వంటి వాటితోపాటు 'ట్రైబల్' అని ఒక ప్రభుత్వం ఉన్నది. అంటే మనదే అన్నట్లు! దాన్ని కింది మెట్టు కింద పెట్టిండ్రు. కొన్ని షరతులు పూర్తి చేసి, రాతికోట కట్టి, ఫ్యూడల్‌లోకి మారితే మెట్టు ఎక్కినట్లు. నాకిది నచ్చలేదు. మా తండాలో నాయక్, కార్భారి, పెద్దమనుషులు కూర్చొని తగవు తీరుస్తరు. ఇరుపక్షాల మాట అందరి ముందు వింటరు. మన చెంచు తమ్ముళ్ల పెంటల్లో అయితే కోటా లేదు, కప్పమూ లేదు. జాగీర్దారు కింద వెట్టి చేయడం దీనికంటే పై మెట్టు ఎట్లా అయితది? అట్లని మాదంతా బంగారమని కూడా అనను. నాయక్ పదవి తండ్రి నుంచి కొడుకుకే పోతది, ఆడవాళ్లకు రాదు. ఇంకో సంగతి, ఆటలో సైన్యం నడిస్తే తిండి ఎంత దొరుకుతదో ఒక అంకె వేసి వదిలేసిండ్రు. నిజంగా ఆ కాలంలో ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి సైన్యాలను బతికించింది బంజారాలు, మా ముత్తాతలు. వాళ్లు ఆ అంకె వెనుక దాక్కున్నరు.

అందుకే మా మాడ్‌లో ట్రైబల్ నుంచి ఫ్యూడల్‌కు పోయే దారి తీసేసి, నేరుగా పంచాయతీకి దారి వేసినం. ఇది కల్పన కాదు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిండ్రు. 2018లో తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చి, 500 జనాభా దాటిన తండాలు, గూడేలు గ్రామపంచాయతీలు అయినయి. 2019 జనవరిలో ఎన్నికలు జరిగినయి. అంతకుముందు పెద్దూరి సర్పంచ్ కోసం ఎదురుచూసిన తండాలకు సొంత సర్పంచ్ వచ్చిండు. సగం స్థానాలు ఆడవాళ్లకు కాబట్టి, నాయక్ కాలేని ఇంటి కోడలు సర్పంచ్ కావచ్చు.

2024 ఫిబ్రవరిలో ఆ సర్పంచుల గడువు అయిపోయింది. వెంటనే ఎన్నిక జరగలేదు. ప్రత్యేకాధికారులు నడిపిండ్రు. 2025 డిసెంబరులో గానీ ఓట్లు పడలేదు. దీనికి సరిపోయేది ఆటలో ఉన్నది. రాజు చిన్నపిల్లవాడైతే పెద్దయ్యేదాకా రీజెంట్ అని ఒకరు పాలిస్తరు. మా తండాలో చిన్నపిల్లవాడు ఎవరూ లేడు, అయినా రీజెంట్ వచ్చిండు! ఈ నియమాన్ని కూడా మాడ్‌లో రాసినం, ఎక్కువ రోజులు ఉంటే జనం మార్కులు తగ్గేటట్లు.

సెలవులు అయిపోయినయి, లాప్‌టాప్ హైదరాబాదు పోయింది. హాస్టల్లో నేను ఈ ఆటనే చార్టు మీద గీసిన. పన్నెండు ఊళ్లు, నలుగురు దొరలు, పాచిక, చింతగింజలు. మొదటి సగం పాత నియమం. పాచికలో ఒకటి పడితే వారసుడు లేనట్లు, ఆ ఆటగాడు లేచిపోవాలి. రెండో సగం 1948 గీత దాటిన తర్వాత. చుట్టూ కూర్చొని చూసేవాళ్లంతా అప్పుడు ఓటర్లు అయితరు. ఓడినవాడు లేచిపోడు, ఓటర్లలో కూర్చుంటడు, తర్వాతి ఎన్నికలో మళ్లీ నిలబడొచ్చు. కంప్యూటర్లో కుదరనిది ఇక్కడ ఇంత సులువుగా కుదిరింది. మొదటి సగంలో నలుగురే ఆడిండ్రు, మిగతావాళ్లు ఆవలించిండ్రు. రెండో సగంలో ఇరవై ఇద్దరు ఆడిండ్రు, పక్క గదివాళ్లు కూడా వచ్చిండ్రు.

గొడవలు కాలేదనను. ఏడో తరగతి తమ్ముడు ఒకడు ఓడిపోయి చార్టు చింపబోయిండు. మా గదివాడు ఒకడు తన గుడ్డు ఇస్తానని నలుగురిని ఓటు అడిగిండు. ఒక్క గుడ్డు నలుగురికి ఎట్లా ఇస్తవురా అంటే, గెలిచినంక చూద్దాం అన్నడు. దాంతో రహస్య ఓటు పెట్టినం. 1952 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు ఉండేది. మేము ఒక్కో అభ్యర్థికి ఒక్కో చెంబు పెట్టి, ఆకు, ఎద్దు, దీపం బొమ్మలు అంటించి, పైన తువ్వాల కప్పినం. చెయ్యి లోపల పెట్టి గింజ వెయ్యాలి. అప్పటినుంచి గుడ్డు తిన్నవాడు ఎవరికి వేసిండో గుడ్డు ఇచ్చినవాడికి తెలియదు.

ఇంకా తేలనిది ఒకటి ఉన్నది. రాజుల ఆటలో రాజు చట్టం మార్చుకోగలడు. మన రెండో సగంలో గెలిచినవాడు "ఇకమీద ఎన్నిక వద్దు" అని నియమం మార్చొచ్చా? పదో తరగతి అన్నలు మార్చొచ్చన్నరు, ఎక్కువమంది ఒప్పుకుంటే చాలన్నరు. నేను కూడదన్న. చార్టు పైన ఎర్ర స్కెచ్‌పెన్‌తో మూడు నియమాలు రాసిన, అవి ఎంతమంది ఒప్పుకున్నా మారవు. అయిదు ఆటలకు ఒకసారి ఎన్నిక, ఓటు రహస్యం, ఓడినవాడు ఆటలోనే ఉండాలి. నాలుగోది ఏదన్నా ఉండాలని ఎవరికన్నా తోస్తే కాగితం మీద రాసి ఈ పత్రిక కింద గుచ్చండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత వరండాలో ఆడతాం. వచ్చేవాళ్లు తలా పది చింతగింజలు తెచ్చుకోండి. చెంబులు కూడా కావాలి, మా చెంబులు వంట అక్క తీసుకుపోయింది.

— 9వ తరగతి విద్యార్థి